జావా, కోట్లిన్... రెండూ లంకలే: ఏ లాంగ్వేజ్ గెలవాలన్నా వారధి కావాలి

"అన్నా, ఇరవై వేలలో ఏ ఫోన్ బాగుంటుంది?" అన్న ప్రశ్న తర్వాత అమలాపురం చుట్టుపక్కల కుర్రాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "ఏ లాంగ్వేజ్ నేర్చుకోమంటావు?" కుర్రాళ్ళే కాదు, వాళ్ళ నాన్నగార్లు కూడా. "మావాడిని పైథాన్‌లో జాయిన్ చేయమంటారేంటండి, జావా అయిపోయిందంట కదా?" అని.

ఫోన్ ప్రశ్నకు జవాబు తేలిక. ప్రాసెసర్, బ్యాటరీ, అప్‌డేట్లు ఎన్నేళ్ళు వస్తాయి, సర్వీస్ సెంటర్ ఎంత దూరం, ఇవి చూసి చెప్పేయొచ్చు. నచ్చకపోతే రెండేళ్ళకు మార్చేస్తారు. లాంగ్వేజ్ సంగతి అలా కాదు. దాని వెనక ఆరు నెలల టైమ్ ఉంటుంది. అమీర్‌పేట హాస్టల్ అద్దె, కోర్స్ ఫీజు ఉంటాయి. చాలా ఇళ్ళల్లో ఆ డబ్బు కొబ్బరి దింపు మీద వచ్చిందో, గల్ఫ్ నుంచి అమ్మ పంపిందో అయి ఉంటుంది. అందుకే "ఇప్పుడు ఏది ట్రెండింగ్" అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు ఇష్టం ఉండదు. ట్రెండింగ్ ఎందుకు అయింది అన్నది తెలిస్తే, అది ఎన్నాళ్ళు ఉంటుందో, మనకు పనికొస్తుందో లేదో మనమే ఆలోచించుకోగలం.

బెస్ట్ స్పెక్స్ ఉన్నది గెలవదు

ఫోన్ల విషయంలో మనకిది బాగా తెలుసు. విండోస్ ఫోన్ గుర్తుందా? 2010లో వచ్చింది. తక్కువ ర్యామ్‌తో కూడా లూమియా 520 ఎంత స్మూత్‌గా నడిచేదో వాడినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. అయినా పోయింది. యాప్స్ లేవని జనం కొనలేదు, జనం లేరని డెవలపర్లు యాప్స్ చేయలేదు. ఫోన్ మంచిదే, దాని చుట్టూ ఊరు లేదు.

ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లదీ ఇదే కథ. స్టాక్ ఓవర్‌ఫ్లో ఏటా డెవలపర్ల సర్వే చేస్తుంది. అందులో 2016 నుంచి వరసగా డెవలపర్లు బాగా ఇష్టపడే లాంగ్వేజ్‌గా రస్ట్ వస్తూ ఉంది. మరి వాడేది? 2024 సర్వేలో జావాస్క్రిప్ట్ వాడుతున్నామన్నవాళ్ళు 60 శాతం పైన, రస్ట్ వాడుతున్నామన్నవాళ్ళు సుమారు 12 శాతం. ఇష్టం ఒకటి, వాడకం ఒకటి.

పైగా ఆ జావాస్క్రిప్ట్ ఎలా పుట్టిందనుకున్నారు? 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఇంజినీర్ పది రోజుల్లో మొదటి వెర్షన్ రాసేశాడు. ఆ తొందరలో జరిగిన తప్పులు ఇవాళ్టికీ అందులో ఉన్నాయి. కానీ అది బ్రౌజర్ లోపల వచ్చింది. బ్రౌజర్ ఉన్న ప్రతి కంప్యూటర్‌లో, తర్వాత ప్రతి ఫోన్‌లో, ఎవరూ ఇన్‌స్టాల్ చేయకుండానే అది ఉంది. వెబ్ పేజీకి ప్రాణం పోయాలంటే వేరే దారి లేదు. ఇంక అది గెలవక ఏం చేస్తుంది?

లంక సారవంతమే, దాటేదెలా?

మన కోనసీమ వాళ్ళకి ఒక సరదా విషయం. జావా అన్నది ఇండోనేషియాలో ఒక దీవి పేరు, అక్కడి కాఫీ మీదుగా లాంగ్వేజ్‌కి వచ్చింది. కోట్లిన్ అన్నది రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గర ఒక దీవి. అంటే రెండూ లంకలే!

లంక భూమి ఎంత సారవంతమో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. కూర పండుతుంది, అరటి పండుతుంది, కొబ్బరి సరేసరి. కానీ పండింది గట్టు దాటాలంటే పడవో పంటో రావాలి. 2002లో ఎదుర్లంక, యానాం మధ్య బాలయోగి వారధి తెరిచేదాకా అమలాపురం నుంచి కాకినాడ వెళ్ళాలంటే గౌతమి పాయ మీద పంటి ఎక్కాలి, లేదా రావులపాలెం మీదుగా చుట్టూ తిరగాలి. వారధి వచ్చాక భూమి ఏమీ మారలేదు. దారి మారింది. దారితో పాటు అన్నీ మారాయి.

లాంగ్వేజ్‌కి ఆ వారధి ఎక్కువసార్లు ఒక ప్లాట్‌ఫామ్ రూపంలో వస్తుంది. నా దృష్టిలో దీనికి అన్నిటికంటే మంచి ఉదాహరణ ఆబ్జెక్టివ్ సీ. 1980ల మొదట్లో పుట్టింది. పాతికేళ్ళ పాటు దాన్ని పట్టించుకున్నవాళ్ళు కొద్దిమందే. 2008లో ఆపిల్ ఐఫోన్‌కి యాప్స్ చేసుకోండి అని బయటి డెవలపర్లకు తలుపు తెరిచింది, చేయాలంటే ఆబ్జెక్టివ్ సీ కావాలంది. అంతే, ఆ చదరపు బ్రాకెట్ల భాష నేర్చుకోవడానికి ప్రపంచం ఎగబడింది. లాంగ్వేజ్‌లో ఒక్కసారిగా వచ్చిన గొప్పదనమేమీ లేదు. 2014లో ఆపిల్ స్విఫ్ట్‌ని తెచ్చాక అదే జనం అటు వెళ్ళిపోయారు.

ఆండ్రాయిడ్ వైపు చూడండి. 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చినప్పుడు యాప్స్ జావాలో రాయాలి. 2010లో ఒరాకిల్ ఆ జావా మీదే గూగుల్‌ని కోర్టుకు లాగింది. ఆ కేసు 2021లో అమెరికా సుప్రీంకోర్టు గూగుల్ వైపు తీర్పు ఇచ్చేదాకా నడిచింది. ఈలోగా జెట్‌బ్రెయిన్స్ అనే కంపెనీ చేసిన కోట్లిన్ 2016లో 1.0కి వచ్చింది. 2017లో గూగుల్ దాన్ని ఆండ్రాయిడ్‌లో అధికారికంగా చేర్చింది. 2019లో కొత్త యాప్ అయితే కోట్లిన్‌తోనే మొదలుపెట్టండి అంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కోట్లిన్ పాత జావా కోడ్‌ని పారేయమనలేదు. దాని పక్కనే కూర్చుని పనిచేస్తానంది. ఉన్న ఇల్లు కూల్చకుండా పైన గది వేసుకున్నట్టు. కొత్త లాంగ్వేజ్‌లు చాలావరకు ఇక్కడే దెబ్బతింటాయి, ఎంత మంచివైనా "అంతా మళ్ళీ మొదట్నుంచి రాయండి" అంటాయి కాబట్టి.

మరి వెనక గూగుల్ లాంటి కంపెనీ ఉంటే చాలా? చాలదు. 2011లో గూగుల్ డార్ట్ తెచ్చింది, బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ స్థానంలో కూర్చోబెడదామని. ఎవరూ ఒప్పుకోలేదు. 2015లో గూగులే క్రోమ్‌లో డార్ట్ పెట్టే ఆలోచన మానుకుంది. అందరూ పోయిందనుకున్నారు. 2018 డిసెంబర్‌లో ఫ్లట్టర్ 1.0 వచ్చింది, ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ యాప్ అంటూ. అప్పుడు డార్ట్ లేచి కూర్చుంది. అదే లాంగ్వేజ్, అదే కంపెనీ. మొదటిసారి జనానికి అవసరం లేని చోట వారధి కట్టారు, రెండోసారి అవసరం ఉన్న చోట కట్టారు.

ధర సంగతి కూడా మర్చిపోకూడదు. స్మాల్‌టాక్ అనే లాంగ్వేజ్ జావా కంటే ముందే ఎన్నో మంచి ఐడియాలు తెచ్చింది. కానీ దాని మంచి వెర్షన్లకు లైసెన్స్ ఖరీదు. 1995లో సన్ కంపెనీ జావాని ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోమంది. స్టూడెంట్ చేతికి ఏది ముందు అందితే అదే అతని మొదటి భాష. మన కాలేజీ ల్యాబుల్లో టర్బో సీ నీలం స్క్రీన్ అన్నేళ్ళు బతికిందీ ఇందుకే. బాగుందని కాదు, అక్కడ ఉందని.

అమీర్‌పేట బోర్డు ఏం చెబుతుంది?

తెలుగువాళ్ళకి సంబంధించినంతవరకు ఏ లాంగ్వేజ్ పాపులరో చెప్పే అసలు సర్వే అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న ఫ్లెక్సీలే. ఆ బోర్డులు చదివితే మన ఐటీ చరిత్ర మొత్తం కనిపిస్తుంది.

1990ల చివర్లో అక్కడ మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ నడిచాయి. కోబాల్ 1959లో మొదలైన భాష, అప్పటికే ముసలిది. కానీ పాత ప్రోగ్రాముల్లో ఏడాదిని రెండు అంకెల్లోనే రాసుకున్నారు కాబట్టి 2000 వస్తే 1900 అనుకుంటాయేమో అని అమెరికా బ్యాంకులు భయపడ్డాయి. ఆ కోడ్ చదివి సరిచేసే మనుషులు కావాలి. అలా ఎందరో తెలుగు కుర్రాళ్ళు కోబాల్ నేర్చుకుని విమానం ఎక్కారు. హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచింది కూడా ఆ రోజుల్లోనే, 1998లో. తర్వాత 2000 వచ్చింది, ఆ పని అయిపోయింది. 2001 నాటికి అమెరికాలో డాట్‌కామ్ బుడగ కూడా పగిలింది. ఆలస్యంగా కోర్సులో చేరినవాళ్ళకు సర్టిఫికెట్ ఉంది, పని లేదు. అలాంటివాళ్ళు మీ చుట్టాల్లో కూడా ఒకరో ఇద్దరో ఉండే ఉంటారు, అడిగి చూడండి.

ఆ తర్వాత జావా, డాట్‌నెట్, ఒరాకిల్, శాప్, టెస్టింగ్ టూల్స్, హడూప్... ఇప్పుడు పైథాన్ ఫుల్ స్టాక్, డేటా సైన్స్, జెన్ ఏఐ. బోర్డు మారుతుంది, పక్కన జిరాక్స్ షాపు, కింద టిఫిన్ సెంటర్ అవే.

నేను అమీర్‌పేటని తక్కువ చేయడం లేదు. ఇంగ్లిష్ పుస్తకం చూస్తే భయపడే పల్లెటూరి పిల్లలకు తెలుగులో మాట్లాడుతూ జావా చెప్పిన సార్లు అక్కడే ఉన్నారు. ఇన్ని వేల ఇళ్ళల్లో జావా అన్న మాట తెలియడానికి సన్ కంపెనీ ప్రకటనల కంటే ఆ సార్లే కారణం. పైగా మనకి లాంగ్వేజ్ చేరేది బంధుత్వాల మీదుగా. పెద్దమ్మగారబ్బాయి జావా చేసి బెంగళూరులో సెటిలయ్యాడంటే, వాళ్ళ వీధిలో నలుగురు జావాలో చేరతారు. రేపు వాళ్ళే ఇంకో పదిమందికి రిఫరల్ ఇస్తారు. సాంకేతికంగా ఆ లాంగ్వేజ్ గొప్పదా కాదా అన్న ప్రశ్నే రాదు.

కానీ ఆ బోర్డుకి ఒక లక్షణం ఉంది. అది డిమాండ్‌ని పుట్టించదు, డిమాండ్ పుట్టాక రాస్తారు. ఎక్కడో క్లయింట్‌కి అవసరం వచ్చి, కంపెనీలు మనుషుల కోసం వెతికి, మొదటి బ్యాచ్‌లు సెటిలై, ఆ కబురు ఊళ్ళకు చేరాక ఫ్లెక్సీ పెద్దదవుతుంది. అంబాజీపేట మార్కెట్ తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. రేటు బాగుందన్న కబురు విని అందరూ ఒకేసారి కాయ దింపి తెస్తే ఏమవుతుందో మనకి తెలుసు కదా. కాయలో తేడా లేదు, వచ్చిన లారీల సంఖ్యలో తేడా. "పైథాన్ ఫుల్ స్టాక్" అని రెజ్యూమేలో ఒకే నాలుగు ప్రాజెక్టులు పెట్టుకున్న కుర్రాడి పరిస్థితి ఇవాళ అదే.

పుస్తకం ఎవరి భాషలో ఉంది?

లాంగ్వేజ్‌లు ఒకచోటే ఉండిపోవడానికి ఇంకో పెద్ద కారణం ఉంది, దాని గురించి మనవాళ్ళు తక్కువ మాట్లాడతారు. రూబీని జపాన్‌లో మాట్సుమోటో 1995లో విడుదల చేశాడు. చాలాకాలం దాని గురించిన సమాచారమంతా దాదాపు జపనీస్‌లోనే. 2000లో ఇంగ్లిష్‌లో ఒక మంచి పుస్తకం వచ్చింది, 2004లో రెయిల్స్ వచ్చింది, అప్పుడు ప్రపంచానికి తెలిసింది. బ్రెజిల్‌లో రియో యూనివర్సిటీలో 1993లో పుట్టిన లువా కూడా అంతే. 1996లో దాని గురించి ఇంగ్లిష్ పత్రికలో వ్యాసం వచ్చాకే గేమ్ కంపెనీల కంట్లో పడింది. ఇవాళ మీ తమ్ముడు ఆడే రోబ్లాక్స్‌లో ఉన్నది దాని నుంచి వచ్చిన భాషే.

మరి తెలుగు సంగతి? "తెలుగులో ఒక ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ ఎందుకు లేదు?" అని కొందరు ఆవేశంగా అడుగుతారు. పక్కన తమిళంలో ముత్తు అన్నామలై ఎళిల్ అనే లాంగ్వేజ్ చేశారు, పిల్లలు తమిళ పదాలతోనే ప్రోగ్రామ్ రాసేలా. మంచి ప్రయత్నం, గౌరవించాలి. కానీ అది ఉద్యోగాల మార్కెట్‌లోకి రాలేదు. పైన చెప్పుకున్న లెక్కలో చూస్తే ఎందుకో తెలుస్తుంది. దాని అవతల ప్లాట్‌ఫామ్ లేదు, లైబ్రరీలు లేవు, వాడే కంపెనీ లేదు.

నిజానికి కొంత దారి ఇప్పటికే ఉంది, మనం వాడటం లేదంతే. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. "ధర" అని, "కాయలు" అని రాసి రెండూ గుణిస్తే లెక్క వచ్చేస్తుంది. కీవర్డ్‌లు ఎటూ ఇంగ్లిషే, అవి ముప్ఫై అయిదు దాకా ఉంటాయి. ఆ కాసిన్ని పదాలు ఏ పిల్లాడైనా వారంలో నేర్చుకుంటాడు. అడ్డు ఆ పదాలు కాదు. ఎర్రర్ మెసేజ్, డాక్యుమెంటేషన్, ఇంటర్వ్యూ, ఇవన్నీ ఇంగ్లిష్‌లో ఉండటం అడ్డు. అందుకే నా అభిప్రాయంలో మనకి కావాల్సింది తెలుగు ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ కాదు, ప్రోగ్రామింగ్ గురించి మంచి తెలుగు. "ఈ ఎర్రర్ ఎందుకు వచ్చింది" అని తెలుగులో వెతికితే తెలుగులో సరైన జవాబు దొరకాలి.

సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళ మధ్య మన భాష లేకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో చూశాం. "జ్ఞా" అన్న అక్షరం ఒక రకంగా టైప్ చేసి పంపితే ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు క్రాష్ అయ్యాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. ప్రపంచంలోనే ఖరీదైన ఫోన్లలో ఒకటి, కోట్లమంది వాడే అక్షరం దగ్గర ఆగిపోయింది. తెలుగులో టైప్ చేసి టెస్ట్ చేసేవాళ్ళు ఇంకొందరు ఉండి ఉంటే అది ముందే దొరికేదేమో.

మరుగున ఉన్నవి ఓడిపోయాయా?

కాదు. రోజూ మన చేతిలో ఉండే సాక్ష్యం వాట్సాప్. 2014లో ఫేస్‌బుక్ దాన్ని 19 బిలియన్ డాలర్లకు కొన్నప్పుడు 45 కోట్ల మంది వాడుతున్నారు, ఇంజినీర్లు మాత్రం యాభై మంది లోపే. వెనక సర్వర్లు నడిపింది ఎర్లాంగ్. 1986లో స్వీడన్‌లో ఎరిక్‌సన్ కంపెనీ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం మొదలుపెట్టిన భాష. లక్షల కాల్స్ ఒకేసారి నడవాలి, ఒకటి తెగితే మిగతావి ఆగకూడదు, అదే దాని పని. మెసేజింగ్‌కి సరిగ్గా అదే కావాలి. అమీర్‌పేట బోర్డుల్లో ఎర్లాంగ్ ఎక్కడ కనిపించింది చెప్పండి?

ఇంకోటి. ఐడియాలు లాంగ్వేజ్ పేరుతో సంబంధం లేకుండా ప్రయాణిస్తాయి. 1990లో వచ్చిన హాస్కెల్ లాంటి భాషలు ఎక్కువగా యూనివర్సిటీల్లోనే ఉండిపోయాయి. కానీ ఒక విలువ లేకపోవచ్చు అన్న సంగతిని ముందే గట్టిగా రాసుకోవడం లాంటి వాటి పద్ధతులు ఇవాళ స్విఫ్ట్‌లో, కోట్లిన్‌లో, రస్ట్‌లో ఉన్నాయి. పేరు మరుగున ఉంది, పని మన ఫోన్లో ఉంది.

అయితే ఇప్పుడు నన్ను కొంచెం కంగారు పెట్టే విషయం ఏఐ. కోడ్ రాసిపెట్టే ఏఐ టూల్స్ ఇంటర్నెట్‌లో ఎక్కువ కోడ్ ఉన్న భాషల్లో బాగా రాస్తాయి. అంటే పైథాన్, జావాస్క్రిప్ట్‌లో. బాగా రాస్తాయి కాబట్టి జనం అవే వాడతారు, ఇంకా కోడ్ పెరుగుతుంది. రేపు కొత్తగా పుట్టే మంచి లాంగ్వేజ్‌కి పోటీ పాత లాంగ్వేజ్‌తోనే కాదు, ఆ పాత కోడ్ అంతా చదివేసిన మెషిన్‌తో కూడా.

సరే, మరి మనమేం చేయాలి?

"ఇవన్నీ బాగానే ఉన్నాయి, ముందు ఉద్యోగం రావాలి కదా" అంటారు. ఒప్పుకుంటాను. ఉద్యోగం అవసరమైనవాడికి పాపులర్ లాంగ్వేజే మొదట. ఓడలరేవులోనో ఇంకెక్కడో బీటెక్ చదివే పిల్లాడిని పట్టుకుని హాస్కెల్‌తో మొదలుపెట్టు అనడం అన్యాయం. కానీ ఫీజు కట్టే ముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి:

1. ఈ లాంగ్వేజ్‌ని ఏ ప్లాట్‌ఫామ్ మోస్తోంది? ఫోనా, బ్రౌజరా, బ్యాంకా, ఏఐ లైబ్రరీలా? పైథాన్ 1991 నుంచి ఉంది. దాన్ని ఇంత ఎత్తుకు లేపింది నంపై, పాండాస్, టెన్సర్‌ఫ్లో, పైటార్చ్. పైథాన్ నేర్చుకుని వాటి జోలికి పోకపోతే సగం పని చేసినట్టే.

2. ఈ అవసరం ఒక తేదీతో అయిపోయేదా, ఏళ్ళ తరబడి ఉండేదా? 2000 నాటి కోబాల్ రద్దీ మొదటి రకం. బ్యాంకుల్లో ఇప్పటికీ నడుస్తున్న కోబాల్ రెండో రకం.

3. నేను ఇరుక్కుపోతే అడగడానికి నాకర్థమయ్యే భాషలో ఎవరున్నారు? మనకి ఇది చిన్న విషయం కాదు.

4. ఇందులో నేర్చుకున్న దాంట్లో ఎంత ఇంకో లాంగ్వేజ్‌కి పట్టుకెళ్ళగలను? డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్, నెట్‌వర్క్, ఇంకొకరి కోడ్ చదివే ఓపిక, ఇవి బోర్డు మారినా ఉంటాయి.

మొదటి లాంగ్వేజ్ కడుపు కోసం నేర్చుకోండి, తప్పేం లేదు. అది కాస్త పట్టుబడ్డాక, ఎవరూ అడగని ఇంకోటి మీ కోసం నేర్చుకోండి. ఎర్లాంగ్ కావచ్చు, రస్ట్ కావచ్చు, లువాతో చిన్న గేమ్ కావచ్చు. దానికి కోర్స్ ఫీజు అక్కర్లేదు, హాస్టల్ అక్కర్లేదు, పాత ల్యాప్‌టాప్ చాలు. అది నేర్చుకుంటూ మీకు అర్థమైంది నాలుగు ముక్కలు తెలుగులో రాసి పెట్టండి. రాజోలులోనో కొత్తపేటలోనో ఇంకో కుర్రాడు అదే చోట ఇరుక్కున్నప్పుడు వాడికి అది దొరుకుతుంది.